మనవాడే కదా అని కొన్న పొయ్యి

బెంగళూరులో దుకాణదారు తెలుగులో మాట్లాడితే చాలు, మన బేరమాడే బుద్ధి ఇంట్లోనే ఉండిపోతుంది. మొన్న డిసెంబరులో నగరం నడిబొడ్డున ఒక సందులో మాకు జరిగింది అదే. "ఏ ఊరండీ మీది? మాది మదనపల్లె" అన్నాడు అతను. మా ఆయన అప్పటికే పర్సు తీశారు.

కొనడానికి వెళ్లింది వీపు సంచిలో పట్టే గ్యాస్ పొయ్యి. మడిస్తే పిడికిట్లో ఇముడుతుంది, విప్పితే మూడు చేతులు చాచి గిన్నెను మోస్తుంది. 1,450 రూపాయలు. రెండు గ్యాస్ డబ్బాలు, ఒక్కొక్కటి 190. ఈ డబ్బా ఈ పొయ్యికి పడుతుందా అని నేను అడిగాను. "అన్నీ ఒకటేనమ్మా" అన్నాడు. ఆ "అమ్మా" దగ్గర నేనూ పడిపోయాను.

అన్నీ ఒకటి కావు. బల్ల మీద పెట్టుకునే పొయ్యిల్లోకి వాడే డబ్బా సన్నగా, పొడుగ్గా, దోమల మందు డబ్బాలా ఉంటుంది. దాని మూతి దగ్గర అంచుకు చిన్న గాటు ఉంటుంది, మరలు ఉండవు. నడకకు వెళ్లేవాళ్ల చిన్న పొయ్యికి కావలసింది పొట్టిగా, గుమ్మటంలా ఉండే డబ్బా. దాని తల మీద మరలుంటాయి, పొయ్యిని తిప్పి బిగించాలి. మాకు అతను ఇచ్చింది మరల పొయ్యి, గాటు డబ్బాలు. ఈ సంగతి పశ్చిమ కనుమల్లో సకలేశపుర దగ్గర కాఫీ తోటలో, రాత్రి ఎనిమిది గంటలకు, సెల్‌ఫోను వెలుగులో తెలిసింది.

ప్రయాణం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. నిజానికి మా మరిదికి యశ్వంతపుర నుంచి రైల్లో వెళ్లాలని ఉంది. సకలేశపుర దాటాక సుబ్రహ్మణ్య రోడ్డు స్టేషను దాకా కొండల్లో 57 సొరంగాలు, అవి చూడాలని అతని కోరిక. గ్యాస్ డబ్బాతో రైలెక్కడం నేరం, 1989 రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు వేయవచ్చు. ఆ మాట చెప్పి కారు తీయించాను. దారి పొడవునా అతను ముఖం ముడుచుకునే కూర్చున్నాడు. మంజరాబాద్ కోట చూశాం. 1792లో టిప్పు సుల్తాన్ కట్టించినది, పై నుంచి చూస్తే నక్షత్రం ఆకారం. బాగుంది.

బస మాత్రం ఓపికగా చెప్పాలి. తోటలో గుడారాలు. భోజనంతో అయితే మనిషికి 1,600, వంట మనమే చేసుకుంటే 900. ముగ్గురికి 2,100 మిగిలాయని మా ఆయన మధ్యాహ్నం నుంచీ మురిసిపోతూనే ఉన్నారు. గుడారం శుభ్రంగానే ఉంది, దుప్పట్లు మాత్రం తడిసి ఆరని వాసన. మరుగుదొడ్డికి వెళ్లే దారిలో దీపం లేదు. ఇవన్నీ క్షమించేదాన్ని. మా పొయ్యి వెలగదని తెలిశాక అక్కడి నిర్వాహకుణ్ణి వంటింట్లో పది నిమిషాలు గ్యాసు వాడుకోనివ్వమని అడిగాం. కుదరదన్నాడు. కావాలంటే భోజనం ఉంది, పళ్లెం 450 అన్నాడు. వచ్చినవి చల్లారిన చపాతీలు నాలుగేసి, అడుగంటిన కుర్మా. మధ్యాహ్నం నుంచి మురిసిన 2,100లో 1,350 అక్కడే పోయాయి. మా ఆయన మాట్లాడలేదు. మా మరిది మాత్రం మాట్లాడాడు: "వదినా, రైల్లో అయితే కనీసం పులిహోర దొరికేది."

తెల్లవారి పొగమంచులో పక్క గుడారం నుంచి కాఫీ వాసన. మైసూరు నుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు. వాళ్ల దగ్గర మరల డబ్బా, సగం వాడినది. మా గాటు డబ్బా చూసి నవ్వుకుని, తమది విప్పి ఇచ్చారు. మా పొయ్యి దాని తల మీద నాలుగు చుట్లు తిరిగి బిగుసుకుంది. పొయ్యికున్న మీట ఎంత నొక్కినా నిప్పు రవ్వ రాలేదు, చెమ్మకేమో. అగ్గిపెట్టె మా సంచిలో ఉండబట్టి సరిపోయింది. నీలం మంట బుస్సుమంటూ లేచింది.

నేను ఇంటి దగ్గరే రవ్వ నేతిలో వేయించి, ఆవాలు, మినప్పప్పు, జీడిపప్పు, ఎండుమిర్చి, కరివేపాకుతో పోపు కలిపి, ఉప్పు కూడా వేసి డబ్బాలో పోసి తెచ్చాను. నీళ్లు మరిగితే చాలు, పోసి కలిపి మూత పెట్టాలి. ఇంత చిన్న పొయ్యి మీద కందిపప్పు ఉడికించాలని చూస్తే గ్యాసంతా దానికే పోతుంది, అందుకని ఉప్మా, అటుకులు, చారుపొడి, ఇవే సరి. మా పొరపాటల్లా వెడల్పు గిన్నె తేవడం. ఆ మూడు చేతుల మీద అది తూగుతుంటే నేను ఒక చేత్తో గిన్నె పట్టుకుని, ఇంకో చేత్తో రవ్వ పోశాను. ఐదుగురం తిన్నాం. గ్యాసుకు డబ్బులిస్తామంటే ఆ కుర్రాళ్లు తీసుకోలేదు, కందిపొడి పొట్లం మాత్రం వద్దనలేదు. ఈ మొత్తం ప్రయాణంలో నాకు గుర్తుండేది ఆ ఉప్మాయే.

సోమవారం సాయంత్రం మళ్లీ ఆ సందుకి. దుకాణదారు ఈసారి కన్నడంలో పలకరించాడు! గ్యాస్ సామాను వాపసు ఉండదట. గాటు డబ్బాను మరల పొయ్యికి కలిపే అడాప్టర్ ఉందట, 450. తర్వాత తెలుగులోకి దిగి 350 అన్నాడు. అది ఉందని ముందే చెప్పకుండా అన్నీ ఒకటేనని ఎందుకన్నావంటే, "మీరు అడగలేదు కదమ్మా" అన్నాడు. నేను అడిగాను. దానికి సాక్షి అయిన మా ఆయన అప్పుడు ఎదురుగా ఉన్న టార్చిలైట్లు చూస్తున్నారు. అడాప్టర్ కొనలేదు. కొంటే పని నడుస్తుంది, కానీ అతని దగ్గర కొననని అనుకున్నాను.

వేరే చోట 230 గ్రాముల మరల డబ్బా 540కి దొరికింది. మారతహళ్లిలో మా ఇంటి బాల్కనీలో, వంటింటి త్రాసు పెట్టుకుని పరీక్ష చేశాం. లీటరు నీళ్లు గాలి లేకుండా మరగడానికి 13 గ్రాముల గ్యాసు పట్టింది. టేబుల్ ఫ్యాను తిప్పి అదే పని చేస్తే 25 గ్రాములు. అంటే గాలి మన గ్యాసులో సగం తినేస్తుంది. అలాగని డబ్బా చుట్టూ రేకు చుట్టేయకండి, వేడి తిరిగి డబ్బాకే తగిలి పేలవచ్చు. బండరాయి చాటు చాలు. ఎంత చలైనా గుడారంలో వెలిగించవద్దు. మూసిన చోట మంట నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

మా మరిదికి హిమాలయాల మంచులో నడవాలని ఉంది. డబ్బాలో ఉన్న గ్యాసు ఉత్త బ్యూటేన్ అయితే సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరవడం మానేస్తుంది, అక్కడికి ఇంకా చలిలోనూ ఆవిరయ్యే ప్రొపేన్ కలిసిన డబ్బా కావాలి. దాన్ని విమానంలో చేతిసంచిలోనూ రానివ్వరు, లోపల వేసే సామానులోనూ రానివ్వరు, దిగాక అక్కడే కొనుక్కోవాలి. అందుకే నా మాట ఒకటే: వెళ్లే ఊళ్లో ఏ డబ్బా దొరుకుతుందో ముందు కనుక్కోండి, పొయ్యి ఆ తర్వాత. దుకాణంలోనే రెండింటినీ బిగించి చూపించమనండి. అతనిది మదనపల్లె అయినా సరే.

ఆ రెండు పొడుగు డబ్బాలు మా కింది అంతస్తు పిన్నిగారికి ఇచ్చేశాం, వాళ్లకి బల్ల మీది పొయ్యి ఉంది. మరల డబ్బాలో ఇంకా 192 గ్రాములున్నాయి. మా మరిది వచ్చే నెల మళ్లీ వెళ్దామంటున్నాడు, ఈసారి పొయ్యి ఇంట్లో పెట్టి, రైల్లో.