డిప్లొమాకి సరిపోయింది, యూసీకి కాదు

మా అమ్మాయి టెన్త్ గ్రేడ్‌లో ఉండగా ఒక కోర్స్ ప్లానింగ్ సర్వీసుకి డబ్బు కట్టాం. నాలుగేళ్ల పట్టిక రంగులేసి ముద్దుగా ఇచ్చారు. తీరా చూస్తే అందులో మ్యాథ్స్ 2 ఏళ్లే! కాలిఫోర్నియాలో హైస్కూల్ డిప్లొమాకి రాష్ట్రం పెట్టిన కనీసం అంతే, నిజమే. కానీ యూసీలకి, అంటే యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లకి, 3 ఏళ్లు ఉండాలి, 4 అయితే మేలంటారు. పైగా యూసీ అడ్మిషన్‌కి తప్పనిసరైన 15 కోర్సుల్లో (వీటినే ఏ-జీ అంటారు) 11 సీనియర్ ఇయర్‌కి ముందే అయిపోవాలి. స్పానిష్‌లో వచ్చిన డీ గ్రేడుకి కూడా టిక్కు పెట్టేశారు. యూసీ లెక్కలో సీకి తగ్గకూడదు. అడిగితే "స్కూల్లో పాసే కదండీ" అన్నారు. చివరికి స్కూల్ కౌన్సెలర్ గారే పైసా తీసుకోకుండా ఇరవై నిమిషాల్లో సరిచేశారు. ఒక్క మంచి మాట చెప్పాలంటే, ఈ సర్వీసువాళ్లు ఫోన్ వెంటనే ఎత్తేవాళ్లు. రీఫండ్ అన్నాక అదీ మానేశారు.