ప్యానెలా, ట్యాబా, ల్యాబా? సర్కారు బడికి ఏది మేలు

బడికి ఏదైనా కొనిస్తామని ఎవరైనా ముందుకొస్తే మాట ధర దగ్గర మొదలవుతుంది. అంతకంటే ముందు వేయాల్సిన లెక్క ఒకటుంది: ఒక్కో పిల్లకు వారానికి ఎన్ని నిమిషాలు చేతికి అందుతుంది? తరగతిలో 40 మంది, వారానికి 45 నిమిషాల పీరియడ్లు రెండు అనుకుందాం.

గోడ మీది ప్యానెల్, అంటే వేలితో తాకితే పనిచేసే పెద్ద తెర, దగ్గర ఒకసారికి మామూలుగా ఒక్కరే పనిచేస్తారు. 90 నిమిషాలను 40 మందికి పంచితే తలా రెండు నిమిషాల పైచిలుకు, అదీ టీచర్ పూర్తిగా తప్పుకుంటేనే. గుండెలో రక్తం ఎలా తిరుగుతుందో చూపించడానికి అది భేషైన సాధనం. కంప్యూటర్ నేర్పడానికి మాత్రం కాదు.

ట్యాబుకు కాగితం మీద తిరుగులేదు, 90 నిమిషాలూ పిల్లవే. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు పంచింది కూడా ఇవే. కానీ ఇంటికెళ్లాక అది అన్నయ్య చేతిలోకి పోవచ్చు, పగులుతుందన్న భయంతో బీరువాలోకీ పోవచ్చు. బడిలోనే ఉంచితే 40 ట్యాబుల ఛార్జింగ్‌కు సుమారు 400 వాట్లు, 40 ఛార్జింగ్ పాయింట్లు కావాలి. పైగా తాకే తెర మీద టైపింగ్, ఫైళ్లు దాచుకోవడం సరిగా అలవడవు. రాత్రి ఛార్జింగ్, చూసుకునే మనిషి రెండూ ఉన్న కస్తూర్బా విద్యాలయాలు, గురుకులాల్లోనైతే ట్యాబే మేలు.

ఊళ్లోని జిల్లా పరిషత్ హైస్కూలుకు మా ఓటు పది మెషీన్ల ల్యాబుకే. ఒక పీరియడ్‌లో సగం తరగతి ల్యాబులో, సగం కాగితం మీద పని; రెండో పీరియడ్‌లో తారుమారు. మెషీన్‌కు ఇద్దరు చొప్పున కూర్చుంటే ఒక్కొక్కరికి వారానికి 22 నిమిషాల కీబోర్డు దక్కుతుంది. 22వ నిమిషంలో గంట కొట్టి కుర్చీలు మార్పించాలి. లేదంటే మౌస్ మగపిల్లాడి చేతిలోనే ఉండిపోతుంది.

పాత డెస్క్‌టాప్ మానిటర్‌తో కలిపి సుమారు 100 వాట్లు లాగుతుంది. పదింటిని 900 వీఏ ఇన్వర్టర్ మోయలేదు. కీబోర్డులోనే కంప్యూటర్ ఇమిడిన రాస్ప్‌బెర్రీ పై 400 అయితే మానిటర్‌తో సహా 25 వాట్ల చుట్టూ ఉంటుంది. పదింటికి 250 వాట్లు. 150 ఏహెచ్ బ్యాటరీ బాగుంటే కరెంటు పోయాక మూడు గంటలు నడుస్తాయి.

ఈ రాస్ప్‌బెర్రీలకు జబ్బు చేసేది ఎక్కువగా ఎస్‌డీ కార్డు దగ్గరే; హార్డ్ డిస్కుకు బదులు అన్నీ ఉండేది ఆ చిన్న కార్డులోనే. దాని మీద రాస్తుండగా కరెంటు పోతే ఫైల్ సిస్టమ్, అంటే ఫైళ్ల అమరిక, చెడి మర్నాడు మెషీన్ లేవకపోవచ్చు. సెట్టింగుల్లో ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ ఆన్ చేస్తే కార్డు మీద ఏదీ రాయదు. అప్పుడు ఆపేసిన వెంటనే పిల్లల ఫైళ్లూ మాయమవుతాయి కాబట్టి, వాటిని సర్వర్‌లోని, అంటే అన్ని మెషీన్లకూ ఉమ్మడిగా ఉండే కంప్యూటర్‌లోని, షేర్డ్ ఫోల్డర్‌లో దాచడం మొదటి క్లాసులోనే నేర్పాలి. సర్వర్‌గా 8 జీబీ ర్యామ్ ఉన్న పాత డెస్క్‌టాప్ ఒకటి చాలు. అందులో ఇంటర్నెట్ లేకున్నా నడిచే సాఫ్ట్‌వేర్లు, పాఠాలకు కొలిబ్రి, తెలుగు వికీపీడియాకు కివిక్స్, ఎక్కించి రూటర్‌కు కలిపితే రోజూ ఇంటర్నెట్‌తో పనిలేదు. 10 ఎంబీపీఎస్ లైనును పది మెషీన్లు పంచుకుంటే ఒక్కోదానికి ఒక ఎంబీపీఎస్సే, అందులో వీడియో నత్తనడక నడుస్తుంది.

తాళం ఒక్కరి దగ్గరే ఉంటే ల్యాబు మూతపడొచ్చు. కేరళ హైస్కూళ్లలో లిటిల్ కైట్స్ అనే విద్యార్థుల ఐటీ క్లబ్బుల పిల్లలే పరికరాల బాగోగుల్లో చేయి వేస్తారు. ఇక్కడా ఎనిమిది, తొమ్మిది తరగతుల నుంచి నలుగురికి, అందులో ఇద్దరు ఆడపిల్లలకు, చెడిన ఎస్‌డీ కార్డులో సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించడం నేర్పితే మెకానిక్ కోసం వారాలు ఎదురుచూడక్కర్లేదు. చూపు సరిగా లేని పిల్లలుంటే ఒక పాత డెస్క్‌టాప్‌ను విండోస్‌తోనే ఉంచి, తెలుగు చదివి వినిపించే ఎన్‌వీడీఏ ఉచితంగా వేసి, హెడ్‌ఫోన్ తగిలించండి.