బేస్ గిటారు చేయించుకుంటే ఏది మేలు: అరుదైన కలపా, మామూలు కలపా, ఫ్యాక్టరీదా?

చేత్తో చేసిన బేస్ కావాలనుకోగానే ఎవరి చూపైనా ముందు కలప మీదకే పోతుంది. వెంగే నలుపు, పడౌక్ ఎరుపు, జీబ్రావుడ్ చారలు, పర్పుల్‌హార్ట్ ఊదా రంగు చూస్తూ కూర్చుంటే గంటలు తెలియవు. డబ్బు పెట్టేవాళ్లు తేల్చుకోవలసినది మాత్రం రంగు గురించి కాదు. ముందున్న దారులు మూడు. అరుదైన కలపలతో లూథియర్ (తీగ వాద్యాలను చేత్తో చేసే పనివాడు) చేత చేయించుకున్న బేస్ ఒకటి, అదే లూథియర్ మామూలు కలపతో చేసిచ్చే బేస్ రెండోది, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మంచి బేస్ మూడోది. నా మొగ్గు రెండోదాని వైపు. అయినా మిగతా రెండింటికీ చెప్పవలసిన మంచి చాలా ఉంది.

ఫ్యాక్టరీ బేస్‌ను తక్కువ చేసి మాట్లాడటం నాకు నచ్చదు. 1951లో లియో ఫెండర్ కంపెనీ తెచ్చిన ప్రెసిషన్ బేస్ పుట్టడమే ఫ్యాక్టరీ కోసం పుట్టింది. చదునైన బాడీ, దానికి మరలతో బిగించిన నెక్ (తీగలు సాగే పొడవైన మెడ భాగం), పాడైతే విప్పి మార్చుకునే వీలు. 1960లో వచ్చిన జాజ్ బేస్‌దీ అదే దారి. బాడీకి యాష్, ఆ తర్వాత ఆల్డర్, నెక్‌కు మేపుల్ వాడారు. ఇవేవీ అరుదైనవి కావు. దశాబ్దాలుగా రికార్డుల్లో మన చెవికి అలవాటైన బేస్ ధ్వనిలో పెద్ద భాగం ఈ కలపలతో చేసిన వాద్యాలదే. పేరున్న బేసిస్టు జాకో పాస్టోరియస్ ఫ్రెట్లు (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలు) తీసేసి, ఫింగర్‌బోర్డుకు (వేళ్లతో తీగలు నొక్కే పలకకు) ఎపాక్సీ అనే గట్టిపడే జిగురు పూసి వాయించిన బేస్ కూడా ఫ్యాక్టరీలో తయారైన జాజ్ బేసే. కాబట్టి గొప్ప ధ్వనికి అరుదైన కలప తప్పనిసరి అనే వాదన చరిత్ర ముందు నిలవదు.

మరి అరుదైన కలపకు ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చింది? ఎక్కువగా అలెంబిక్ నుంచి. 1969లో కాలిఫోర్నియాలో మొదలైన ఆ సంస్థ 1972లో బేసిస్టు జాక్ కాసడీకి చేసిచ్చిన బేస్, తర్వాత మరో బేసిస్టు స్టాన్లీ క్లార్క్ చేతిలో మోగిన బేసులు వినేవాళ్ల ఊహనే మార్చేశాయి. పొరలు పొరలుగా అతికిన కలపలు, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా బాడీ గుండా సాగే నెక్, మెరిసే ఇత్తడి భాగాలు వాటి సొత్తు. కానీ అదే వాద్యంలో తక్కువ ఇంపిడెన్స్ పికప్‌లు (తీగ కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగాలు), బ్యాటరీతో నడిచే యాక్టివ్ సర్క్యూట్, ప్రత్యేకమైన ఫిల్టర్లు కూడా ఉన్నాయి. కంటికి కనిపించేది కలప కాబట్టి ఘనతంతా దానికే దక్కింది. ఆ ధ్వనిలో లోపలి సర్క్యూట్ వాటా చాలా పెద్దదని నా నమ్మకం.

ఎలక్ట్రిక్ బేస్‌లో పికప్ పట్టుకునేది అయస్కాంత క్షేత్రంలో తీగ కదలికను. బాడీ చెక్క నేరుగా గాలిని కదిలించి వినిపించదు. చెక్క ప్రభావం ఉండేది తీగ శక్తిని ఎంత మింగుతుంది, ఎంత తిరిగి ఇస్తుంది అన్న దగ్గర. అది అన్నిటికన్నా స్పష్టంగా తెలిసేది నెక్‌లో. చాలా బేసుల్లో జి తీగ మీద ఐదు నుంచి ఏడో ఫ్రెట్ మధ్య ఒక నోటు మిగతావాటికన్నా త్వరగా ఆరిపోతుంది. దాన్నే డెడ్ స్పాట్ అంటారు. నెక్ సహజంగా ఊగే పౌనఃపున్యం ఆ నోటు పౌనఃపున్యానికి దగ్గరగా ఉంటే, తీగలోని శక్తిని నెక్ లాగేసుకుంటుంది. నెక్ చివర తీగలు బిగించే హెడ్‌స్టాక్‌కు చిన్న బరువు తగిలిస్తే ఆ స్పాట్ అక్కడి నుంచి జరగడం ఎవరైనా చేసి చూసుకోవచ్చు. వెంగే, బుబింగా లాంటి గట్టి, బరువైన కలపలతో చేసిన నెక్‌లో ఈ ప్రవర్తన మారే మాట నిజమే. అయితే మేపుల్ నెక్‌ను మూడు పొరలుగా, నార దిశలు ఎదురెదురుగా పెట్టి అతికి, లోపల రెండు కార్బన్ కడ్డీలు దించినా బిగువు పెరుగుతుంది. నెక్‌ను ఎంత బిగువుగా, ఎంత నిలకడగా చేశారన్నదే నాకు ముఖ్యం. ఆ కలప ఎంత దూరం నుంచి వచ్చిందన్న దానితో ఆ నోటుకు పని లేదు.

బరువు సంగతి కొంచెం ఎక్కువ సేపు మాట్లాడాలి, ఎందుకంటే ఫొటోలో అది కనిపించదు. ఆల్డర్ సాంద్రత ఘనపు మీటరుకు 450 కిలోల దరిదాపుల్లో ఉంటుంది. బుబింగా, వెంగే 900కు దగ్గరగా, కోకోబోలో 1,000 దాటి ఉంటాయి. అంటే అదే ఆకారం, అదే మందం ఉన్న బాడీ బుబింగాతో చేస్తే దాదాపు రెట్టింపు బరువు. మొత్తం వాద్యం 4 కిలోల లోపు ఉంటే భుజానికి హాయి. 5 దాటితే మూడు గంటల కార్యక్రమం తర్వాత వెన్ను చెప్పే మాట వేరు. అందుకే అనుభవమున్న లూథియర్లు అరుదైన కలపను పైన కొన్ని మిల్లీమీటర్ల పలకగా అతికి, లోపల తేలికైన మహాగనీయో యాషో పెడతారు, లేదంటే లోపల గుల్ల చేస్తారు. అలా చేశాక చూస్తే అరుదైన కలప బేస్‌లో పెద్ద భాగం మామూలు కలపే. అది మోసం కాదు, మంచి పనితనం. కాకపోతే కొనేవాళ్లకు ఆ సంగతి ముందే తెలియాలి.

రంగు మీద మోజుపడి తీసుకునేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. పర్పుల్‌హార్ట్ కోసిన వెంటనే గోధుమ బూడిద రంగులో ఉండి, తర్వాత ఊదాగా మారుతుంది. ఏళ్లు గడిచి వెలుతురు తగిలేకొద్దీ మళ్లీ గోధుమ రంగు వైపు పోతుంది. పడౌక్ నారింజ ఎరుపు కూడా అంతే, నెమ్మదిగా ముదురు గోధుమ రంగులోకి దిగుతుంది. అతినీల కిరణాలను ఆపే పూత ఆ మార్పును ఆలస్యం చేస్తుందే కానీ ఆపలేదు. ఆ మార్పు కూడా నచ్చుతుందనుకుంటేనే ఆ కలపలు అడగండి. కోకోబోలోలో నూనె ఎక్కువ, జిగురు సరిగా పట్టదు, అతికే ముందు పైనూనె తుడిచేయాలి. దాని పొడి చాలామంది పనివాళ్లకు చర్మం మీద దద్దుర్లు తెప్పిస్తుంది. నా వాద్యం అందం కోసం దాన్ని చేసే మనిషి ఇబ్బంది పడటం నాకు చిన్న విషయం కాదు.

అడవి సంగతి అంతకన్నా పెద్దది. అంతరించే ప్రమాదమున్న జాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేసే సైటీస్ ఒప్పందం, బ్రెజిలియన్ రోజ్‌వుడ్‌ను 1992లోనే అన్నిటికన్నా కఠినమైన మొదటి అనుబంధంలో చేర్చింది. 2017 జనవరి నుంచి మిగతా డాల్‌బెర్జియా (రోజ్‌వుడ్ కుటుంబం) జాతులన్నీ, వాటితోపాటు బుబింగా రకాలు కూడా అనుమతి పత్రాలతోనే వ్యాపారం సాగే రెండో అనుబంధం కిందికి వచ్చాయి. సంగీతకారులు వాద్యాలతో సరిహద్దు దాటడం చిక్కుగా మారడంతో 2019 చివర్లో రెండో అనుబంధంలోని ఈ కలపలతో తయారైన వాద్యాలకు మినహాయింపు ఇచ్చారు. బ్రెజిలియన్ రోజ్‌వుడ్‌కు మాత్రం ఆ సడలింపు వర్తించదు. మడగాస్కర్‌లో ఎబొని, రోజ్‌వుడ్ దొంగతనంగా నరికివేతకు గురైన తీరు తెలిసినవాళ్లకు "అరుదైనది" అన్న మాట గొప్పగా వినిపించదు. కలప ఎక్కడిదో కాగితంతో చూపలేని లూథియర్ దగ్గర అరుదైన కలప అడగొద్దు.

ఇంత చెప్పాక, అరుదైన కలప నిజంగా పనికొచ్చే చోటు కూడా చెప్పాలి. అది ఫింగర్‌బోర్డు. వేళ్లు, తీగలు రోజూ రాపిడి పెట్టేది అక్కడే. ముఖ్యంగా ఫ్రెట్లు లేని బేస్ మీద రౌండ్‌వౌండ్ (గరుకుగా ఉండే) తీగలు వాయిస్తే మెత్తని చెక్కకు త్వరగా గాట్లు పడతాయి, ఎబొని ఎక్కువ కాలం తట్టుకుంటుంది. అలాగే లక్క పూత లేకుండా నూనె మాత్రమే పట్టించిన వెంగే నెక్‌ను ఒకసారి పట్టుకుంటే చేతికి తగిలే ఆ పొడి స్పర్శ మర్చిపోలేం. బొటనవేలు ఎక్కడా అతుక్కోదు. ఈ రెండు చోట్లా ఖర్చు పెట్టడానికి నేను వెనకాడను.

ఇక లూథియర్ దగ్గరికే ఎందుకు వెళ్లాలి అన్నదానికి నాకు నచ్చిన సమాధానం 1975లో దొరుకుతుంది. బేసిస్టు ఆంథనీ జాక్సన్ కింద ఒక తీగ, పైన ఒక తీగ అదనంగా కావాలని అడిగితే లూథియర్ కార్ల్ థాంప్సన్ ఆరు తీగల బేస్ చేసిచ్చాడు. ఏ కంపెనీ దగ్గరా లేని వాద్యం అది. చేత్తో చేయించుకోవడం అంటే అది. నీ చేతికి తగిన నెక్ మందం, బ్రిడ్జి దగ్గర తీగల మధ్య 19 మిల్లీమీటర్లు కావాలా 17 కావాలా, కింది బి తీగ 31 హెర్ట్జ్ దగ్గర వదులుగా కొట్టుకోకుండా 35 అంగుళాల స్కేలు (మోగే తీగ పొడవు) కావాలా, చిన్న చేతులకు 32 చాలా, స్ట్రాప్ వేసుకుంటే హెడ్‌స్టాక్ కిందికి వాలకుండా పై కొమ్ము ఎంత పొడుగుండాలి. ఇవన్నీ కొలతలు. ఇవి ఆల్డర్‌తోనూ కుదురుతాయి, కోకోబోలోతోనూ కుదురుతాయి. ఫ్రెట్లు సమం చేయడంలో చూపించే ఓపిక కూడా అంతే.

ఇంకా తన చేతికి ఏం కావాలో తెలియనివాళ్లకు ఫ్యాక్టరీ బేసే మేలు. కొనేముందు వాయించి చూడొచ్చు, భాగాలు దొరుకుతాయి, అమ్మాలంటే అడిగేవాళ్లు ఉంటారు. చేయించిన బేస్ మీ కొలతకు చేసింది కాబట్టి ఇంకొకరికి అమ్మడం కష్టం. నెక్ బాడీ గుండా సాగే రకమైతే, అది వంగి తిరిగి సరిదిద్దలేని స్థితికి వస్తే మార్చడం దాదాపు అసాధ్యం. మూడు, నాలుగు బేసులు మార్చి చూసి, ప్రతిదానిలో ఒకే లోపం చేతికి తగులుతుంటే అప్పుడు లూథియర్ దగ్గరికి వెళ్లే సమయం వచ్చినట్టు. ఆల్డరో తేలికైన యాషో బాడీ, కార్బన్ కడ్డీలు దించిన పొరల మేపుల్ నెక్, గట్టి ఫింగర్‌బోర్డు, కన్ను ఒప్పుకోకపోతే పైన ఒక పలుచని అందమైన పలక. నేను చెప్పే కూర్పు ఇది.

పూర్తిగా అరుదైన కలపతోనే కావాలనుకునేవాళ్లను నేను తప్పుపట్టను. చూడగానే చేతిలోకి తీసుకోవాలనిపించే వాద్యాన్ని రోజూ ఎక్కువ సేపు వాయిస్తాం, అది నిజమైన లాభమే. అయితే ఆర్డరు కాగితం మీద మొత్తం బరువుకు పైహద్దు, నెక్ కొలతలు, తీగల దూరం ముందు రాయించండి. కలప ఎంత కాలం ఆరింది, చేసే ముందు తేమ ఎంత ఉంది అని అడగండి. 6 నుంచి 8 శాతం మధ్య అని చెప్పి తేమ మీటరు పెట్టి చూపించే లూథియర్ అయితే, కలప పేర్ల గురించి ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.