పది గిగా ట్రాన్స్‌పాండర్: నాలుగేళ్ల వాడకం తర్వాత

స్విచ్‌లోంచి వచ్చే 1310 నానోమీటర్ల వెలుగును నేరుగా డీడబ్ల్యూడీఎం మక్స్‌కి (వేర్వేరు రంగుల వెలుగులను ఒకే ఫైబర్‌లోకి కలిపే పరికరానికి) ఇస్తే ఫిల్టర్ దగ్గరే ఆగిపోతుంది. దాన్ని విద్యుత్ సంకేతంగా మార్చి, మళ్లీ ఐటీయూ గ్రిడ్ (ప్రామాణిక తరంగదైర్ఘ్యాల పట్టిక)లోని ఒక ఛానెల్ మీద పంపే పెట్టె ఈ ట్రాన్స్‌పాండర్. 34వ ఛానెలైతే 1550.12 నానోమీటర్లు. ఎత్తు 1యూ (ర్యాక్‌లో ఒక అర), రెండు పవర్ సప్లైలు, పోర్టులన్నీ ఎస్‌ఎఫ్‌పీ ప్లస్ (తీసి మార్చుకునే చిన్న మాడ్యూళ్లవి). పెట్టె గట్టిదే. తలనొప్పంతా సెట్టింగులతో, మాడ్యూళ్లతో.

సీడీఆర్ (వచ్చిన సిగ్నల్‌లోంచి క్లాక్‌ని, డేటాని రాబట్టే సర్క్యూట్) వేగం ముందు చూడండి. 10 గిగా ఈథర్నెట్ లైన్ వేగం సెకనుకు 10.3125 గిగాబిట్లు, టెలికాం నెట్‌వర్కుల ఎస్‌టీఎం-64 సిగ్నల్‌ది 9.953. పోర్టు ఒక వేగంలో ఉండి సిగ్నల్ రెండోదైతే పవర్ రీడింగులు భేషుగ్గా కనిపిస్తాయి, లింక్ మాత్రం లేవదు. ఆ తర్వాత అందరూ చేసేది ఊరికే కనెక్టర్లు తుడవడమే.

దీనికంటే ప్రమాదం లింక్ ఫాల్ట్ పాస్‌త్రూ (లైన్ పడితే క్లయింట్ పోర్టునూ పడేసే సెట్టింగు) ఆన్ చేయకపోవడం. ఇందులో అది ఆఫ్‌లోనే వస్తుంది. లైన్ (దూరం వెళ్లే) ఫైబర్ తెగినా క్లయింట్ (రౌటర్, స్విచ్) వైపు లేజర్ వెలుగుతూనే ఉంటుంది. రౌటర్ అంతా బాగుందనుకుని ట్రాఫిక్‌ని నూతిలో పోస్తుంది, బ్యాకప్ దారికి మళ్లదు. రెండు చివర్లా ఆన్ చేసి, లైన్ ఆర్‌ఎక్స్ (అందుకునే వైపు) ప్యాచ్ కార్డ్ (చిన్న ఫైబర్ తీగ) పీకి, క్లయింట్ పోర్టు పడిపోతోందని చూశాకే ట్రాఫిక్ ఎక్కించాలి.

80 కిలోమీటర్ల మాడ్యూల్‌ని బల్ల మీద ఉత్త ప్యాచ్ కార్డ్‌తో లూప్ చేయకండి (పంపే వైపును దాని అందుకునే వైపుకే కలపకండి). అది +4 డీబీఎం (వెలుగు శక్తి కొలత) దాకా పంపుతుంది, రిసీవర్ సుమారు -7 దాకానే ఓర్చుకుంటుంది. 15 డీబీ అటెన్యుయేటర్ (వెలుగు తగ్గించే ముక్క) తప్పనిసరి. లేకుంటే రిసీవర్‌లో వెలుగును పట్టే ఏపీడీ కాలిపోవచ్చు.

దూరం లెక్క: 60 కిలోమీటర్లకు, కిలోమీటరుకు 0.25 చొప్పున 15 డీబీ నష్టం, మక్స్, డీమక్స్ కలిపి 8. మొత్తం 23. మాడ్యూల్ 0 డీబీఎం పంపితే అవతల -23, అంటే రిసీవర్ అంచు. కొత్త స్ప్లైస్ (ఫైబర్ అతుకు) ఒక్కటి పడితే ఎర్రర్లు మొదలవుతాయి. కనీసం 3 డీబీ చేతిలో ఉండాలి, లేదా యాంప్లిఫయర్ పెట్టాలి. అయితే యాంప్లిఫయర్ డిస్పర్షన్‌ని (దూరం పోయేకొద్దీ వెలుగు పల్సులు సాగిపోవడాన్ని) తగ్గించదు. మామూలు జీ.652 ఫైబర్ మీద 80 కిలోమీటర్లకు నానోమీటరుకు సుమారు 1360 పికోసెకన్లు పోగవుతాయి, మాడ్యూల్ హద్దు దాదాపు అక్కడే. ఆపైన నడవాలంటే మధ్యలో ఇదే పెట్టెను రీజనరేటర్‌గా పెట్టడమే. 3ఆర్ పనిలో (సిగ్నల్‌ని పెంచి, ఆకారం దిద్ది, టైమింగ్ సరిచేయడంలో) దీనికి వంక పెట్టలేం.

కొత్త 400 గిగా లింకులకు మాత్రం దీన్ని కొనొద్దు. 400జెడ్‌ఆర్ మాడ్యూల్ రౌటర్‌లోంచే రంగు వెలుగు (డీడబ్ల్యూడీఎం ఛానెల్ మీది వెలుగు) పంపుతుంది.

స్పేర్‌గా ఒక ట్యూనబుల్ (ఛానెల్ మార్చుకోగల) మాడ్యూల్ చాలు, పెట్టేముందు ఛానెల్ సరిచూసుకోండి. సీ34 బదులు హెచ్34 అని కొడితే 50 గిగాహెర్ట్జ్ పక్కకు పోతుంది: ఇటు టీఎక్స్ (పంపే వెలుగు) సరిగ్గానే కనిపిస్తుంది, అటు ఎల్‌ఓఎస్ (సిగ్నల్ లేదనే అలారం).