జాగ్రత్త: విదేశాల నుంచి తిరిగొచ్చాక ‘సిబిల్ స్కోరు తెప్పిస్తాం’ అనేవాళ్లకు డబ్బు కట్టకండి

విదేశాల్లో ఏళ్ల తరబడి ఉండి ఇండియాకు తిరిగొచ్చి, ఇక్కడ సిబిల్ స్కోరు (అప్పులు ఎలా తీర్చామో చూసి ఇచ్చే అంకె) లేదన్న ఒక్క కారణంతో ఇంటి లోను గానీ కారు లోను గానీ ఆగిపోయినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మన అవసరం కనిపెట్టి ‘మూడు నెలల్లో 750 స్కోరు గ్యారంటీ’ అంటూ ఫోన్ చేసే కన్సల్టెన్సీలు తయారయ్యాయి. వాళ్లకు రూపాయి కూడా కట్టకండి. పాన్, ఆధార్ కాపీలు ఇవ్వకండి. ఓటీపీ అయితే అసలే చెప్పకండి.

అలాంటి ఒక ప్యాకేజీకి నేను 14,999 రూపాయలు కట్టాను. పోయింది ఆ డబ్బొక్కటే అయితే ఇంత రాసేదాన్ని కాదు. ఖాళీగా ఉన్న నా క్రెడిట్ ఫైలులో వాళ్లు నింపిన చెత్తను కడుక్కోవడానికే ఎక్కువ కాలం పట్టింది.

మొదట అసలు సమస్య ఏమిటో చెప్తాను, ఎందుకంటే వాళ్లు ఆడుకునేది మన ఈ భయంతోనే. అక్కడ ఎంత బాగా ఈఎంఐలు కట్టినా, ఎన్నేళ్లు కార్డు బిల్లు ఒక్క రోజు కూడా లేటు చేయకపోయినా, ఆ రికార్డు ఇక్కడికి రాదు. ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్ పేర్లు అమెరికాలోనూ ఉన్నాయి, ఇక్కడా ఉన్నాయి. అయినా అక్కడి ఫైలు ఇక్కడి బ్యాంకుకు కనిపించదు. ఇక్కడ ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, సీఆర్ఐఎఫ్ హై మార్క్ అని నాలుగు సంస్థలున్నాయి, వీటినే క్రెడిట్ బ్యూరోలు అంటారు. ఇక్కడి బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు పంపిన సమాచారంతోనే ఇవి ఫైలు తయారు చేస్తాయి. స్కోరు 300 నుంచి 900 మధ్య ఉంటుంది. మనలాంటివాళ్లకు అంకె బదులు ‘ఎన్‌హెచ్’ అనో ‘మైనస్ 1’ అనో వస్తుంది. అంటే హిస్టరీ లేదని మాత్రమే అర్థం, చెడ్డ స్కోరని కాదు. వెళ్లకముందు ఇక్కడ కార్డు వాడినా, గత రెండేళ్లుగా ఏ లావాదేవీ లేకపోతే ఇలాగే చూపించవచ్చు. మీవారి కార్డు మీద మీకిచ్చిన యాడ్ ఆన్ కార్డు ఒక్కటే ఉన్నా ఇదే పరిస్థితి.

నాకు ఇంటి లోను దగ్గర బ్యాంకులో ఇది చెప్పారు. రెండు లోన్ వెబ్‌సైట్లలో వివరాలు నింపాను. ఆ తర్వాత నుంచి ఫోన్లు మొదలయ్యాయి.

“మేడమ్, మైనస్ వన్ అంటే బ్యాంకు దృష్టిలో డిఫాల్టర్‌తో సమానం. మా దగ్గర ఎన్ఆర్ఐలకు స్పెషల్ ప్రోగ్రామ్ ఉంది, బ్యూరోతో టైఅప్ ఉంది,” అన్నాడు అవతలి వ్యక్తి. ఇందులో ప్రతి ముక్కా అబద్ధమే. హిస్టరీ లేనివాళ్లు డిఫాల్టర్లు కారు. మొదటిసారి అప్పు అడిగేవాళ్లను కేవలం హిస్టరీ లేదని తిరస్కరించవద్దని రిజర్వ్ బ్యాంకు 2025 జనవరి ఆదేశాల్లోనే బ్యాంకులకు చెప్పింది. ఇక టైఅప్ మాటకొస్తే, అప్పు ఇచ్చిన సంస్థ ధ్రువీకరించకుండా బ్యూరో తన రికార్డులో ఒక్క అంకె కూడా మార్చదు. బయటి ఏజెంటు ఎవరైనా సరే, మనం ఉచితంగా పెట్టుకోగలిగిన ఫిర్యాదును మన పేరుతో పెట్టడం తప్ప అక్కడ చేయగలిగింది లేదు.

డబ్బు కట్టిన తర్వాత ‘స్కోరు చెకింగ్ కోసం’ అంటూ ఓటీపీలు అడిగారు. నా ఫోన్‌కు వచ్చిన మెసేజ్‌లో మొదటి లైన్లో సంస్థ పేరు, దాని కింద కన్సెంట్ అన్న మాట ఉన్నాయి. దేనికి కన్సెంట్ అనేది అందులో లేదు. ఆ ఓటీపీలతో వాళ్లు చేసింది స్కోరు చూడటం కాదు, వరసగా అప్పులకు దరఖాస్తులు పెట్టడం.

ఈ సంగతి నాకు రిపోర్టు తెప్పించుకున్నాకే తెలిసింది. రిపోర్టు చివర్లో ‘ఎంక్వైరీలు’ అని ఒక పట్టిక ఉంటుంది. ఎవరు మన ఫైలు తెరిచారు, ఏ తేదీన, ఏ రకం అప్పు కోసం, ఎంత మొత్తానికి అనేవి అందులో ఉంటాయి. నా పట్టికలో ఒకే వారంలో నాలుగైదు ఫైనాన్స్ కంపెనీల పేర్లు, అన్నిటికీ ఎదురుగా ‘పర్సనల్ లోన్’. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరుకు ఏమీ కాదు. కానీ ఇలా అప్పు కోసం పెట్టిన దరఖాస్తులు వెంటవెంటనే కనిపిస్తే, ఈ మనిషి డబ్బుకు కటకటలాడుతోందని బ్యాంకు అనుకుంటుంది. మొదటి పేజీలో నా పేరు కింద నాది కాని ఈమెయిల్ ఐడీ కూడా ఉంది. రిజర్వ్ బ్యాంకు నియమం ప్రకారం ఎవరైనా మన ఫైలు తెరిస్తే బ్యూరో మనకు ఎస్ఎంఎస్ గానీ ఈమెయిల్ గానీ పంపాలి. నాకు ఒక్కటీ రాకపోవడానికి కారణం ఆ ఈమెయిల్ ఐడీ అనే నా నమ్మకం.

ఆ దరఖాస్తుల్లో ఒకటి మంజూరైంది. ఒక యాప్ ద్వారా 20,000 రూపాయల లోను. నా ఖాతాలో పడింది మాత్రం 18,192. ప్రాసెసింగ్ ఫీజు 600, దాని మీద జీఎస్టీ 108, నేనెప్పుడూ అడగని ఇన్సూరెన్సుకు 1,100 ముందే కోసుకున్నారు. కన్సల్టెన్సీవాళ్లు ఫోన్ చేసి, “ఆ డబ్బు మా ఖాతాకు పంపండి మేడమ్, ప్రతి నెలా ఈఎంఐ మేమే కడతాం, మీ స్కోరు అదే పెరుగుతుంది,” అన్నారు. నేను పంపలేదు. ఈ మాట మీకెవరైనా చెప్తే ఫోన్ పెట్టేసి నంబరు బ్లాక్ చేయండి. అప్పు మీ పేరు మీద ఉంటుంది, డబ్బు వాళ్ల జేబులో ఉంటుంది.

దీనికి తోడు, గోరుచుట్టు మీద రోకటిపోటులా ఇంకొకటి జరిగింది. తిరిగొచ్చినవాళ్లందరూ ఇది గమనించాలి. ఇక్కడే స్థిరపడదామని వచ్చాక విదేశాల్లో ఉన్నప్పుడు ఎన్ఆర్ఐలుగా తెరిచిన ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాలను మామూలు రెసిడెంట్ ఖాతాలుగా మార్పించుకోవాలి. అది ఫెమా (విదేశీ మారక చట్టం) నిబంధన. (ఎన్ఆర్ఐగా విదేశీ కరెన్సీలో వేసిన ఎఫ్‌సీఎన్ఆర్ డిపాజిట్లు గడువు తీరేదాకా ఉంచుకోవచ్చు.) వాళ్లు ఈఎంఐ ఆటో డెబిట్‌ను నా పాత ఎన్ఆర్ఓ ఖాతాకు తగిలించారు. ఈలోగా ఆ ఖాతా మారి, మా బ్యాంకు కొత్త నంబరు ఇచ్చింది. మొదటి ఈఎంఐ బౌన్స్ అయింది. బౌన్స్ చార్జీలు, లేటు ఫీజు సరే. కానీ ఇక్కడ నా హిస్టరీలో పడిన మొట్టమొదటి నెలే ఆలస్యంగా నమోదైంది. రిపోర్టులో నెలనెలా గడులుంటాయి. సకాలంలో కడితే 000 లేదా ‘ఎస్‌టీడీ’ అని, లేటయితే ఎన్ని రోజులు లేటో ఆ అంకె పడుతుంది. ఇన్నేళ్లూ ఎక్కడా ఒక్క బిల్లు ఆలస్యం చేయని నాకు ఆ గడిలో అంకె చూసినప్పుడు కడుపు రగిలిపోయింది.

లోను మొత్తం కట్టేసి మూయించాను. కన్సల్టెన్సీ ఫీజు వెనక్కి ఇవ్వలేదు. ‘సర్వీస్ అందించాం, రిపోర్టులో ఎంట్రీ వచ్చింది కదా’ అన్నారు.

మీరు ఎవరితో మాట్లాడినా రిజర్వ్ బ్యాంకు నియమాలు కొన్ని గుర్తుంచుకోండి, మోసం అక్కడే పట్టుబడుతుంది. యాప్ ద్వారా అప్పు ఇప్పించే మధ్యవర్తికి ఫీజు ఇవ్వాల్సింది అప్పు ఇచ్చే సంస్థే, అతను మన దగ్గర వసూలు చేయకూడదు. అప్పు డబ్బు నేరుగా మన ఖాతాలోకి రావాలి, మధ్యవర్తి ఖాతా గుండా పోకూడదు. సంతకం పెట్టకముందే అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక వడ్డీ రేటుతో ‘కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్’ అనే కాగితం ఇవ్వాలి. యాప్ లోన్లకు కూలింగ్ ఆఫ్ వ్యవధి కనీసం ఒక రోజైనా ఉంటుంది. ఆలోపు అసలు, ఆ రోజుల వడ్డీ కట్టి జరిమానా లేకుండా బయటపడవచ్చు. నాకు లోను వచ్చిందని తెలిసేసరికే ఆ గడువు దాటిపోయింది. అందుకే ఊహించని డబ్బు ఖాతాలో పడితే అదే రోజు అది ఎక్కడిదో కనుక్కోండి.

ఇంకో రకం ఎర కూడా ఉంది. ఎవరిదో లోనులో కో అప్లికెంట్‌గా చేరితే ఉచితంగా హిస్టరీ వస్తుందంటారు. వస్తుంది. ఆ అప్పు మొత్తం మీ ఫైలులోకే వస్తుంది, వాళ్లు ఒక నెల ఎగ్గొడితే అది కూడా మీ ఫైలులోకే వస్తుంది. రేపు మీ ఇంటి లోను అర్హతలోంచి ఆ ఈఎంఐని తీసేసి లెక్క కడతారు.

మరి హిస్టరీ ఎలా తెచ్చుకోవాలంటే, దానికి ఎవరికీ ఫీజు కట్టనక్కర్లేదు. మీ ఖాతా ఉన్న బ్యాంకులో చిన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి, దాని మీద ఇచ్చే క్రెడిట్ కార్డు అడగండి. స్కోరు లేకపోయినా ఇస్తారు, ఎందుకంటే ఎఫ్‌డీ మీద లియన్ పెట్టుకుంటారు, అంటే మీరు బిల్లు కట్టకపోతే అందులోంచి తీసుకునే హక్కు. సాధారణంగా డిపాజిట్‌లో 75 నుంచి 90 శాతం దాకా లిమిట్ వస్తుంది, ఎఫ్‌డీకి వడ్డీ మామూలుగానే వస్తుంది. దరఖాస్తుకు ముందు ఒక్క ప్రశ్న అడగండి: ఈ కార్డు వివరాలు బ్యూరోలకు పంపుతారా? ప్రీపెయిడ్ కార్డును క్రెడిట్ కార్డులా అమ్మేవాళ్లున్నారు, డెబిట్, ప్రీపెయిడ్ కార్డులతో హిస్టరీ ఏమీ రాదు.

కార్డు వచ్చాక రోజువారీ చిన్న ఖర్చులకు వాడండి, లిమిట్‌లో మూడో వంతు దాటనివ్వకండి. ‘మినిమమ్ డ్యూ’ మాత్రమే కట్టి ఊరుకోకండి, పూర్తి బిల్లు కట్టండి. బ్యాంకులు కనీసం పదిహేను రోజులకోసారి బ్యూరోలకు సమాచారం పంపాలన్న నియమం 2025 జనవరిలో వచ్చింది కాబట్టి ఫైలు కదలడం త్వరలోనే కనిపిస్తుంది. స్కోరు నిలబడటానికి మాత్రం నెలలు పడుతుంది. నాకూ అలాగే, ఈ ఎఫ్‌డీ కార్డుతోనే కుదుటపడింది. ఆ బ్యాంకులో ఆఫీసరు గారు మొదటి రోజే, “తొందరపడి ఇంకో కార్డుకు అప్లై చేయకండమ్మా, ఈ ఒక్కదాన్నే శుభ్రంగా నడపండి,” అన్నారు. అంతకు మించిన సలహా ఎవరూ ఇవ్వలేదు.

పేరు విషయం కూడా చూసుకోండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో విడిగా, పాన్‌లో పొడి అక్షరంతో, ఆధార్‌లో చివర్లో, ఇలా మన తెలుగువాళ్ల పేర్లు మూడు చోట్ల మూడు రకాలుగా ఉంటాయి. దానివల్ల ఒక మనిషికి రెండు ఫైళ్లు తయారయ్యే ప్రమాదం ఉంది. ముందే పాన్, ఆధార్ ఒకేలా సరిచేయించుకుని లింక్ చేయండి, విదేశీ ఫోన్ నంబరు ఎక్కడైనా మిగిలిపోతే మార్పించండి. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు ఆధార్ కోసం ఇక్కడ 182 రోజులు ఉండేదాకా ఆగనక్కర్లేదు.

2017 నుంచి నాలుగు బ్యూరోలూ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. నాలుగూ ఒకేసారి తీయకుండా మూడు నెలలకొకటి చొప్పున తీస్తే ఏడాది పొడవునా కనిపెట్టి ఉండవచ్చు.

ఇప్పటికే ఇలాంటివాళ్లకు డబ్బు, కాగితాలు ఇచ్చేసినవాళ్లు ముందు బ్యాంకుకు వెళ్లి మీ ఖాతా మీద ఉన్న ఆటో డెబిట్ మ్యాండేట్లన్నీ (డబ్బు తీసుకోవడానికి ఇచ్చిన అనుమతులు) చూడండి. మీకు తెలియనివి రద్దు చేయించి రాతపూర్వకంగా తీసుకోండి. కానీ మీ పేరు మీద నిజంగా లోను నడుస్తుంటే, ముందు దాన్ని తీర్చే ఏర్పాటు చేయండి, లేదంటే ఇంకో లేటు పడుతుంది. తీర్చేటప్పుడు ‘సెటిల్‌మెంట్’ (కొంత కట్టి మిగతాది వదిలేయించుకోవడం) ఒప్పుకోకండి. రిపోర్టులో ‘సెటిల్డ్’ అని పడితే అది మచ్చే, ‘క్లోజ్డ్’ అని పడాలి. బాకీ ఏమీ లేదనే నో డ్యూస్ లెటర్ తీసుకోండి.

మీరు పెట్టని ఎంక్వైరీలు, మీది కాని ఈమెయిల్, తప్పుడు లోను ఎంట్రీ ఉంటే బ్యూరో వెబ్‌సైట్‌లోనే డిస్ప్యూట్ పెట్టండి, ఫీజు లేదు. 30 రోజుల్లో తేల్చకపోతే ఆపైన ప్రతి రోజుకూ 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్న నియమం 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది, కాబట్టి ఫిర్యాదు నంబరు, తేదీ జాగ్రత్త చేసుకోండి. అప్పటికీ జవాబు లేకపోతే బ్యాంకు మీదైనా బ్యూరో మీదైనా ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆ బ్యాంకు ఫిర్యాదుల వెబ్‌సైట్ అయిన సీఎంఎస్ పోర్టల్‌లో ఉచితంగా రాయవచ్చు. కన్సల్టెన్సీలు ఆ పరిధిలోకి రావు. వాళ్ల మీద వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు, మీ పేరుతో దొంగ దరఖాస్తులు పెట్టి ఉంటే సైబర్ క్రైమ్ 1930కు చేయండి. నేను రెండు చోట్లా ఫిర్యాదు పెట్టాను. నా రిపోర్టులో ఆ ఈమెయిల్ తొలగిపోయింది, లేటు గడి మాత్రం ఇంకా వాదనలోనే ఉంది.