లివింగ్ ట్రస్టు వివాదంలో ఒక న్యాయవాద కార్యాలయం: పనితీరు మెచ్చదగినది, బిల్లు కాదు

మా మేనత్త మరణానికి ఏడు వారాల ముందు ఆమె లివింగ్ ట్రస్టుకు (బతికుండగానే ఆస్తిని ట్రస్టు పేరున పెట్టి, తరువాత అది ఎవరికి చెందాలో రాసే ఏర్పాటు) జరిగిన సవరణను సవాలు చేయడానికి, వారసత్వ వివాదాలు మాత్రమే చూసే ఒక న్యాయవాద కార్యాలయాన్ని ఆశ్రయించాము. ఫిర్యాదు కూడా ఉన్నందున వారి పేరు ఇక్కడ రాయడం లేదు.

మొదటి సమావేశంలో నేను సవరణ పత్రం తీసి అందులోని అన్యాయాన్ని ఏకరువు పెట్టబోతే, సీనియర్ న్యాయవాది దానిని పక్కన పెట్టి, అంతకు ముందున్న పత్రం ఏదని అడిగారు. సవరణను కోర్టు కొట్టివేసినంత మాత్రాన ఆస్తి నాకు రాదని, సాధారణంగా దాని ముందరి పత్రమే నిలుస్తుందని, అందులో నాకు వాటా లేకపోతే గెలిచినా దక్కేదేమీ ఉండదని, దావా వేసే అర్హతే ప్రశ్నార్థకమవుతుందని ఆయన వివరించారు. అంతకు ముందు కలిసిన ఇద్దరు న్యాయవాదులూ ఈ ప్రశ్న అడగకుండానే దావాకు సిద్ధపడ్డారు. మూల పత్రంలో నాకూ మా అక్కకూ సమాన వాటాలు ఉండటం మా అదృష్టం.

వీలునామా ప్రొబేటుకు, అంటే కోర్టు ధ్రువీకరణకు, వెళితే కోర్టు రికార్డులోకి చేరుతుంది. ట్రస్టు ఆస్తిని మాత్రం దానిని నిర్వహించే ట్రస్టీ కోర్టు గడప తొక్కకుండానే పంచేయగలరు. అందువల్ల వీరు మొదటి వారంలోనే ట్రస్టు ప్రతిని కోరుతూ ట్రస్టీకి లేఖ పంపి, నోటీసు అందిన తేదీ నుంచి సవాలు గడువును లెక్కగట్టి ఫైలు అట్టపైనే రాశారు. ఒక బ్యాంకు ఖాతా అసలు ట్రస్టు పేరుకు మారనే లేదని, అది వీలునామా కిందికి వస్తుందని కనిపెట్టింది కూడా వీరే.

అత్తకు మతిమరుపు ఉండేది కాబట్టి మానసిక సామర్థ్యం లేదనే వాదన సరిపోతుందని మేము అనుకున్నాము. వారు ఒప్పుకోలేదు. 1870లో ఇంగ్లాండులో తీర్పు వెలువడిన బ్యాంక్స్ వర్సెస్ గుడ్‌ఫెలో కేసులో, దుష్టశక్తులు తనను వెంటాడుతున్నాయని నమ్మిన వ్యక్తి రాసిన వీలునామా కూడా చెల్లింది. ఆ భ్రమ ఆస్తి పంపకాన్ని ప్రభావితం చేయలేదన్నదే కారణం. చేస్తున్న పని ఏమిటో, ఆస్తి సుమారుగా ఎంతో, తన ఆస్తిలో వాటా ఆశించదగినవారు ఎవరో తెలిస్తే చాలు, పేర్లు తడబడటం పెద్ద అడ్డంకి కాదు. కాబట్టి బలమంతా అనుచిత ప్రభావం, అంటే ఎవరో ఒత్తిడి చేసి రాయించుకున్నారనే వాదన మీదే పెట్టారు.

ఆ వాదనకు ఊపిరి పోసింది ఒక జూనియర్ న్యాయవాది. సవరణ తయారుచేసిన న్యాయవాది ఫైలులో, అపాయింట్‌మెంట్ కాగితం మూల నీలి సిరాతో రాసిన ఫోన్ నంబరు అత్తది కాదు; సవరణ వల్ల ఇల్లు దక్కిన, ఆమె బాగోగులు చూస్తూ వచ్చిన దూరపు బంధువుది. ఆ రోజు కారు నడిపిందీ, గదిలో పక్కన కూర్చున్నదీ ఆయనే. నమ్మకస్థానంలో ఉన్న మనిషి పత్రం తయారీలో పాలుపంచుకుని తానే లాభపడితే, ఒత్తిడి లేదని నిరూపించే భారం చాలా చోట్ల ఆయన మీదికే మారుతుంది.

సవరణలో నాకు చిన్న వాటా ఉంచి, సవాలు చేసినవారు దానిని కోల్పోతారనే షరతు చేర్చారు. కొన్ని చోట్ల ఇలాంటి షరతు కచ్చితంగా అమలవుతుంది, కొన్ని చోట్ల సహేతుకమైన ఆధారంతో దావా వేసినవారికి మినహాయింపు ఉంటుంది. ఆ నష్టభయాన్ని దాచకుండా రాసిచ్చి, మా సంతకం తీసుకున్న తరువాతే దావా దాఖలు చేశారు. మెచ్చుకోదగిన పద్ధతి.

చివరకు విచారణకు ముందే మధ్యవర్తిత్వంలో ఇల్లు అమ్మి పంచుకునేలా రాజీ కుదిరింది. బిల్లు సంగతి వేరు: గంటను పది భాగాలు చేసి 6 నిమిషాలకొక లెక్క వేస్తారు, అర నిమిషం మాట్లాడినా పూర్తి భాగం పడుతుంది. ఈ సంగతి ఒప్పందంలో చిన్న అక్షరాలలో ఉంది కానీ నోటితో ఎవరూ చెప్పలేదు. ఫోన్ కాల్స్ ఇన్ని ఎలా అయ్యాయని అడగడానికి చేసిన ఫోన్‌ను కూడా చివరి బిల్లులో 6 నిమిషాలుగా చూపించారు.