విల్కో: ‘క్రూయెల్ కంట్రీ’ మేలా, ‘కజిన్’ మేలా?

అమెరికన్ రాక్ బ్యాండ్ విల్కో పాటలు ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే ఎవరైనా 2002 నాటి ‘యాంకీ హోటల్ ఫాక్స్‌ట్రాట్’ ఆల్బమ్ చేతిలో పెడతారు. అది గొప్పదే, కానీ కాసేపు పక్కన పెడదాం. 2022 మేలో ‘క్రూయెల్ కంట్రీ’, పదహారు నెలలకు ‘కజిన్’ అనే ఆల్బమ్‌లు వచ్చాయి. కంట్రీ, ఫోక్, రాక్ కలిసిన అమెరికానా సంగీతం ఇష్టపడేవాళ్లు ఈ రెండింట్లో ముందు ఏది వినాలి?

నిజానికి ముందు మొదలైంది ‘కజిన్’. ఆ పని మధ్యలో ఆపి ‘క్రూయెల్ కంట్రీ’ చేశారు, తర్వాత మళ్లీ దాని దగ్గరికి వెళ్లారు. అందుకే వీటిని పాతదీ కొత్తదీ అని చూడటం నాకు నచ్చదు. ఒకే బ్యాండ్ రెండు రకాలుగా పని చేస్తే ఏమవుతుందో ఇక్కడ వినొచ్చు.

‘క్రూయెల్ కంట్రీ’ని షికాగోలోని తమ సొంత స్టూడియో ‘ద లాఫ్ట్’లో చేశారు. ఆరుగురూ ఒకే గదిలో కూర్చుని, చాలావరకు లైవ్‌గా వాయించారు. కోవిడ్ కాలం వాళ్లను దూరం చేసిన తర్వాత ఇలా కూర్చోవడమే పెద్ద విషయం. 2004 నుంచీ ఇదే ఆరుగురు. ఒకరి వాయిద్యం ఆగిన చోట ఇంకొకరిది అందుకోవడం వింటుంటే ఆ ఏళ్లన్నీ తెలుస్తాయి. ‘బర్డ్ వితౌట్ ఎ టెయిల్’ చివర్లో మాటలు అయిపోయాక గిటార్లు మెల్లగా పైకి లేస్తాయి. ఆ కొన్ని నిమిషాల కోసమైనా ఈ ఆల్బమ్ వినాలి. పేరులోని కంట్రీ అంటే ఆ సంగీతమూ, వాళ్ల దేశమూ. బ్యాండ్ గాయకుడు జెఫ్ ట్వీడీ టైటిల్ పాటలో దేశాన్ని ప్రేమిస్తాడు, అదే గొంతుతో క్రూరమైనదనీ అంటాడు. అరవడు, అందుకే ఆ మాట గట్టిగా తగులుతుంది.

లోపం ఒక్కటే, నిడివి. 21 పాటలు, గంటంపావు పైనే. ఓ ఐదారు తీసేసినా నష్టం లేదనిపిస్తుంది. అన్నీ నెమ్మదిగా నడిచేవే కావడంతో మధ్యలో ఒకదానికొకటి కలిసిపోతాయి.

‘కజిన్’లో ఆ సమస్య లేదు, ఉన్నవి పదే పాటలు. వేల్స్‌కు చెందిన గాయని కేట్ లె బాన్ ప్రొడ్యూసర్. చాలా ఏళ్లుగా తమ ఆల్బమ్‌లు తామే చూసుకున్న బ్యాండ్ పగ్గాలు బయటి మనిషి చేతికిచ్చింది. ఆ తేడా మొదటి పాట ‘ఇన్ఫినిట్ సర్‌ప్రైజ్’లోనే తెలుస్తుంది. గరగరమనే శబ్దాల మధ్య నుంచి ట్యూన్ బయటికొస్తుంది, చివరికి మళ్లీ ఆ గోలలోనే మునిగిపోతుంది. హెడ్‌ఫోన్స్‌లో వింటే ఒక్కో శబ్దం ఒక్కో మూల నుంచి వస్తుంది. ‘ఎవిక్టెడ్’ మాత్రం సులువుగా నోటికొచ్చే పాట, తప్పంతా తనదేనని ఒప్పుకునే ప్రేమికుడిది.

పనితనం చూస్తే ‘కజిన్’దే పైచేయి. అయినా ఒక్కటే వినే టైమ్ ఉన్నవాళ్లకు నేను ‘క్రూయెల్ కంట్రీ’ చెప్తాను. ‘కజిన్’లో పాటలు శ్రద్ధగా విడదీసి మళ్లీ పేర్చినట్టుంటాయి, వాయించే మనుషులు కొంచెం దూరంగా వినిపిస్తారు. నాకు విల్కో అంటే ఆ ఆరుగురు ఒకరినొకరు వినడమే.

అయితే ‘కజిన్’ పూర్తిగా పక్కన పెట్టేసేవాళ్లతో మాత్రం గొడవ పడతాను. అందులో ‘టెన్ డెడ్’ ఉంది. రేడియో పెడితే కాల్పుల్లో పదిమంది చనిపోయారన్న వార్త. ఇలాంటివి విని విని మొద్దుబారిపోయిన మనిషి దాన్ని జోలపాటంత మెత్తగా పాడతాడు. రెండు ఆల్బమ్‌లలోని 31 పాటల్లో నేను ఎక్కువసార్లు విన్నది అదే. మిగతాది ఎప్పుడు విన్నా సరే, ఆ ఒక్క పాట ఈరోజే వినండి.